డాక్టరమ్మ కారుకు నాలుగుసార్లు వేసిన సీలు

నలభై ఏళ్ళకు పైగా మెకానిక్ పని చేసి, చూపు మందగించాక మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు కనబడితే "పని ఎన్నాళ్ళకు వస్తాది పెద్దాయనా" అని అడుగుతుంటారు. విప్పడం, బిగించడం రెండేళ్ళలో వస్తుంది. చేసిన తప్పు ఒప్పుకోవడం మాత్రం నాకు ఎనిమిదేళ్ళకు వచ్చింది, అది కూడా మరో ముగ్గురి పుణ్యాన. ఆ ముగ్గురినీ ఒకసారి తలుచుకుందామనే ఇది రాస్తున్నాను. ఏ షెడ్డులో ఎప్పుడు చేరాను, ఎప్పుడు మేస్త్రినయ్యాను లాంటివి రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు.

ఇది రాష్ట్రం ఏర్పడిన కొత్తలో సంగతి. మా మార్కాపురం తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మాది తర్లుపాడు దగ్గర పల్లె, సేద్యం మీద బతికే ఇల్లు. నేను మడక వదిలి స్పానరు పట్టడం మా నాయనకు బొత్తిగా నచ్చలేదు. "ఎద్దయితే అదిలిస్తే వింటాది, ఆ ఇనుము నీ మాట ఏం వింటాది కాశయ్యా" అనేవాడు. ఇనుము వినదన్న మాట నిజమే. మనమే దాని మాట వినాలని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

గిద్దలూరు షెడ్డులో అంటుకున్న జబ్బు

మొదట గిద్దలూరులో ఒక లారీ షెడ్డులో పనిచేశాను. ఆ యజమాని పేరు రాయను, పోయిన మనిషి. పని బాగా తెలిసినవాడు, నోరు మాత్రం మంచిది కాదు. ఏ బండి తిరిగి వచ్చినా ఆయన నోట వచ్చే మొదటి మాట "డ్రైవర్ తప్పు" అని. బేరింగు పోయినా డ్రైవర్ తప్పే, మేం నట్టు వదులుగా వదిలేసినా డ్రైవర్ తప్పే. డ్రైవర్లు పాపం నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. మూడేళ్ళు అది వింటూ పెరిగాను కాబట్టి నాకూ ఆ జబ్బు అంటుకుంది. పనితో పాటు మేస్త్రి నోరు కూడా మనకు వచ్చేస్తుంది. కాబట్టి ఏ షెడ్డులో చేరాలా అని చూసుకునేటప్పుడు అక్కడి పనిముట్లను చూడకండి, అక్కడి మేస్త్రి డ్రైవర్లతో ఎలా మాట్లాడుతున్నాడో కాసేపు నిలబడి వినండి.

తర్వాత మార్కాపురం వచ్చి మస్తాన్ మేస్త్రి దగ్గర చేరాను. స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. మాట తక్కువ. కోపం వస్తే చేతిలో ఉన్న పని పక్కన పెట్టి బీడీ వెలిగించేవాడు. అది ఆరిపోయేసరికి కోపమూ ఆరిపోయేది. నా అదృష్టం బాగుండి ఆయన దగ్గర పడ్డాను.

తాడు సీలు

డాక్టరమ్మ అంటే మా ఊళ్ళో అందరికీ ఒక్కరే. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఒంటరిగా ఉండేది. కాన్పు కష్టమైందని కబురొస్తే అర్ధవీడైనా, పుల్లలచెరువైనా, అడవి అంచు పల్లెలైనా కారెక్కి వెళ్ళిపోయేది. ఆ కారు వాళ్ళ నాయన వాడింది, తెల్లదొరల కాలంలో కొన్నది. నల్లగా, ఎత్తుగా, పెళ్ళి పల్లకీలా ఉండేది. దాన్ని నడిపేది పిచ్చయ్య. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు.

ఒకరోజు పిచ్చయ్య కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. "మిట్ట ఎక్కడం లేదు అల్లుడా. ఇంజన్ అరుస్తా ఉంది, చక్రం మాత్రం తిరగడం లేదు" అన్నాడు. కిందికి దూరి చూస్తే ఇంజను వెనక భాగమంతా నూనె.

ఇప్పటి పిల్లలు ఆ కాలపు సీలు చూసి ఉండరు, అందుకని చెబుతాను. ఇంజను లోపల తిరిగే పెద్ద ఇరుసు వెనకవైపు బయటికి వచ్చే చోట, నూనె కారిపోకుండా ఇప్పుడు రబ్బరు సీలు వేస్తున్నారు. అప్పట్లో దాని బదులు రాతినార తాడు, అంటే ఆస్బెస్టాస్‌తో పేనిన తాడు ఉండేది, చిటికెన వేలంత లావు. ఇరుసుకు పైన ఒక ముక్క, కింద ఒక ముక్క గాడిలో కూర్చోబెట్టేవాళ్ళం. అది అరిగితే నూనె వెళ్ళి పక్కనే ఉన్న క్లచ్ ప్లేటు మీద పడుతుంది. క్లచ్ జారుతుంది. చదును మీద బండి ఎలాగోలా పోతుంది, మిట్ట దగ్గర చేతులెత్తేస్తుంది.

పై ముక్క మార్చాలంటే ఇంజను దించి ఇరుసు లేపాల్సిందే. మద్రాసు నుంచి తాడు రైల్లో తెప్పించి నాలుగు రోజులు పనిచేశాం. ఆ తాడు ఎలా వేయాలో మస్తాన్ మేస్త్రి నాకు దగ్గరుండి చూపించాడు. ముందు ఒక దినమంతా నూనెలో నానబెట్టాలి. గాడిలో పెట్టి సుత్తితో కొట్టకూడదు, నున్నటి గుండ్రటి కర్రతో దొర్లిస్తూ ఒత్తాలి. కొసలు కోసేటప్పుడు కాగితం మందమంత పైకి వదలాలి. "చపాతీ ఒత్తినట్ల ఒత్తు నాయనా, పగబట్టినట్ల కాదు" అనేవాడు. ఆ సీలు నేను వేసినట్టు ఇంకెవరూ వేయలేరని ఆ రోజు నాకు గట్టి నమ్మకం. గర్వపడ్డాను కూడా.

పని అయ్యాక ఇంజను తుడుస్తుంటే పక్కనున్న గాలిగొట్టం కనబడింది. ఇంజను అడుగుభాగంలో చేరే ఆవిరి, పొగ బయటికి పోవడానికి పెట్టిన గొట్టం అది. దాని మూతలో ఉండాల్సిన జల్లెడ ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది. మూతి చుట్టూ పలకరాతి దుమ్ము మెత్తగా పేరుకుని ఉంది. మా ఊరి సంగతి తెలుసు కదా, పలకల కార్ఖానాలు, ఎటు చూసినా ఆ బూడిదరంగు దుమ్మే. అన్నం కంచంలో కూడా పడుతుంది. ఇంత మంచి సీలు వేసి ఈ దుమ్ము లోపలికి పోనిస్తే ఎట్లా అనుకున్నాను. కొత్త గ్లాస్కో నూలుగుడ్డ ముక్క తెచ్చి రెండు మడతలు వేసి, గొట్టం మూతికి పురికొసతో బిగించి కట్టాను. మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే కట్టాను. మేస్త్రి చూసి, "బాగా కట్టినావు" అన్నాడు. పిచ్చయ్య కూడా పక్కనే నిలబడి చూశాడు.

రెండోసారి, మూడోసారి

పదిహేను రోజులు కారు పూలబండిలా నడిచింది. పదహారో రోజున పిచ్చయ్య మళ్ళీ వచ్చాడు. మళ్ళీ నూనె.

నాకు తల కొట్టేసినట్టయింది. తాడు మంచిది కాదేమో అన్నాను. మళ్ళీ తాడు తెప్పించాం, మళ్ళీ ఇంజను దించాం. ఇరుసు నునుపు చూశాం, గాడి చూశాం, ఎక్కడా లోపం లేదు. కొత్త సీలు వేశాను. మురికైన గుడ్డ తీసేసి కొత్త గుడ్డ కట్టాను, ఈసారి ఇంకా బిగించి. మరో పదిహేను రోజులు బాగా నడిచింది, ఆపైన మామూలే.

మూడోసారి వచ్చినప్పుడు నా గిద్దలూరు జబ్బు బయటపడింది. డాక్టరమ్మ కూడా ఆరోజు షెడ్డుకు వచ్చింది. ఆమె ముందే పిచ్చయ్య మీద పడ్డాను.

"క్లచ్ మీద కాలు పెట్టి నడపతా ఉంటే ఏ సీలు నిలబడతాది మామా? నేను ఎన్నిసార్లని వేసేది?" అన్నాను.

క్లచ్ మీద కాలు పెడితే ప్లేటు అరుగుతుందే తప్ప ఇంజను నూనె కారదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. పిచ్చయ్య మొహం చిన్నబోయింది. "ఇరవై ఏండ్లుగా నడపతా ఉండా అల్లుడా" అని మాత్రం అన్నాడు. మస్తాన్ మేస్త్రి నా వైపు చూసి బీడీ వెలిగించాడు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "తప్పు ఎవరిదని నేను అడగడం లేదండీ. కర్నూల్లో పెద్దాసుపత్రికి రమ్మని ఉత్తరం వచ్చింది. ఈ నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలి. కారు లేకపోతే నేనిక్కడ కూర్చుని ఏం చేయాలి? నడిచి రాగలిగినవాళ్ళకి మందులివ్వడానికి ఇంకొకరు ఉన్నారు. రాలేనివాళ్ళ కోసం కదా నేను వచ్చింది" అంది.

అప్పుడు నాకు భయం వేసింది. మా చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు అడ్డం తిరిగితే ఆ కారు తప్ప దిక్కులేదు. ఆమె వెళ్ళిపోతే ఆ కబుర్లు ఎవరికి పంపాలి? ఆ పాపం నా సీలుకు చుట్టుకుంటుంది. మూడోసారి దేవుడికి మొక్కుకుని మరీ వేశాను. గుడ్డ కట్టడం మాత్రం మరిచిపోలేదు.

పుల్లలచెరువు దారిలో

మూడో సీలు వేసి పన్నెండు రోజులైంది. పొద్దుటి బస్సులో పుల్లలచెరువు అవతలి పల్లె నుంచి ఒకాయన దిగి డాక్టరమ్మ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. కూతురికి రెండు దినాలుగా నొప్పులు, మంత్రసాని తన వల్ల కాదనేసింది. డాక్టరమ్మ పిచ్చయ్యను షెడ్డుకు పంపి, దారిలో ఏమైనా అయితే చూడడానికి నన్ను వెంట రమ్మంది. పెట్టెలో నాలుగు స్పానర్లు, ఒక డబ్బాడు పెట్రోలు వేసుకుని ముందు సీట్లో ఎక్కాను. వెనక డాక్టరమ్మ, ఆ తండ్రి.

ఊరు ఇంకా ఆరేడు మైళ్ళుందనగా ఒక మిట్ట వచ్చింది. సగం ఎక్కి కారు ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. వెనక ఆ తండ్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నేను దిగి, ఇంజను ఆపవద్దని చెప్పి బానెట్ ఎత్తాను. ఇంజను తిరుగుతుండగా ఆ గుడ్డను చూడడం అదే మొదటిసారి. షెడ్డులో ఎప్పుడూ ఇంజను ఆపాకే చూశాను. నేను కట్టిన గుడ్డ పూరీలా పొంగి ఉంది. వేలితో నొక్కితే తోలులా గట్టిగా ఉంది. లోపలి నూనె ఆవిరి, బయటి పలకదుమ్ము కలిసి పదిరోజుల్లో దాన్ని గారపెట్టినట్టు చేసేశాయి. గాలి బయటికి పోయే దారి లేదు. ఇంజను లోపల ఒత్తిడి పెరిగి, నూనెను ఎటు వీలైతే అటు తోస్తోంది. వెనకవైపు తాడు మెత్తగా ఉంది కాబట్టి అటు తోసింది. కొత్త గుడ్డ కట్టినప్పుడల్లా పదిహేను రోజులు ఎందుకు బాగుండేదో అప్పుడు అర్థమైంది. రెండుసార్లు ఇంజను దించి నేను వెతికిన తప్పు, నా కళ్ళెదురుగా, నా చేత్తో కట్టిందే.

డాక్టరమ్మ సంచిలోంచి కత్తెర అడిగి తీసుకుని పురికొస కత్తిరించాను. భుస్సుమని వేడిపొగ వచ్చింది. డాక్టరమ్మ తల బయటికి పెట్టి చూసింది.

"ఏమిటండీ అది?"

"ఏందో గుడ్డ అమ్మా. ఎవరో కట్టినారు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. పిచ్చయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నా వైపు ఒకసారి చూశాడు. ఆ గుడ్డ మూడుసార్లూ ఎవరు కట్టారో ఆయనకు తెలుసు. నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు, షెడ్డులో అందరిముందు నేనన్న మాటకు బదులు తీరిపోయేది. ఆయన రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంజను ఆపించి, క్లచ్ పెట్టె మీదున్న చిన్న మూత తీసి, పెట్రోలు పోసి ప్లేటు కడిగాను. మూత తెరిచిపెట్టి ఆరేదాకా ఆగాను. తర్వాత రోడ్డు పక్క మెత్తటి దుమ్ము గుప్పెడు తీసి దాని మీద చల్లాను. అది లారీ డ్రైవర్ల చిట్కా, కాసేపటికి పట్టు వస్తుంది. ప్లేటు పాడవుతుంది, అయినా ఆ రోజు ప్లేటు గురించి ఆలోచించే తీరిక లేదు. కారు మిట్ట ఎక్కింది. ఊరు చేరాం. డాక్టరమ్మ లోపలికి పోయిన రెండు గంటలకు బిడ్డ ఏడుపు వినబడింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ తండ్రి వచ్చి కారు బానెట్‌కు దణ్ణం పెట్టాడు, తర్వాత నాకు పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగి వస్తుంటే డాక్టరమ్మ అంది: "ఈ రోజు ఇంకో గంట ఆలస్యమైతే ఆ పిల్ల బతికేది కాదు. నాలుగోసారి కూడా బాగు చేస్తామంటారు మీరు. ఇక నాకు ధైర్యం లేదు. కర్నూలు వాళ్ళకి వస్తానని రాసేస్తాను."

కారణం దొరికిందని, కారు ఇక ఆగదని నాకు తెలుసు. అది చెప్పాలంటే గుడ్డ ఎవరు కట్టారో చెప్పాలి. మార్కాపురం వచ్చేదాకా ఒళ్ళో స్పానర్ల పెట్టె పెట్టుకుని మెదలకుండా కూర్చున్నాను.

మేస్త్రి అన్న మాట

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికే వెళ్ళి మస్తాన్ మేస్త్రికి అంతా చెప్పాను. గుడ్డ సంగతి, దారిలో అబద్ధం ఆడిన సంగతి, పిచ్చయ్య మామ నోరు మెదపని సంగతి. పనిలోంచి పొమ్మంటాడనే అనుకున్నాను. ఆయన బీడీ కూడా వెలిగించలేదు.

"ఆ గుడ్డ నేనూ చూసినా గదా నాయనా. బాగా కట్టినావని మెచ్చుకున్నా గూడా. గాలి యాడికి పోతాది అని నాకు తట్టినా బాగుండేది. నీకంటే ఇరవై ఏండ్లు ముందు పట్టుకున్నా ఈ స్పానరు. సగం తప్పు నాది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. గిద్దలూరులో మూడేళ్ళున్నా, పెద్దవాడు తప్పులో వాటా తీసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత నా దగ్గర పనిచేసినవాళ్ళ విషయంలో నేను ఏ కాస్త మంచిగా ఉన్నా అది ఆ పొద్దుటి మాట వల్లే.

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పద, డాక్టరమ్మ కాడికి పోదాం. చెప్పేది నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా."

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. ఆ తర్వాత నాలుగో సీలు వేశాం. గొట్టానికి గుడ్డ బదులు ఇత్తడి టీ జల్లెడ కోసి మూతలో బిగించాం, దుమ్ము ఆగుతుంది, గాలి ఆగదు. ఆ సీలు ఏళ్ళ తరబడి చుక్క కారలేదు. ఎక్కడైనా నూనె కారుతుంటే కారే చోటు బిగించే ముందు, లోపలి గాలి పోయే దారి చూడండి. నేను నేర్చుకున్న పనిలో పనికొచ్చే ముక్క ఇది.

వసారాలో పెట్టెలు

మేం వెళ్ళేసరికి డాక్టరమ్మ ఇంటి వసారాలో రెండు చెక్క పెట్టెలు మేకులు కొట్టి సిద్ధంగా ఉన్నాయి. రైలుకు వేయడానికి మీద కర్నూలు అని కూడా రాసి ఉంది. పిచ్చయ్య కారు తుడుస్తున్నాడు. డాక్టరమ్మ గడపలో నిలబడి మమ్మల్ని చూసింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "అమ్మా, ఆ గుడ్డ కట్టింది నేనే" అన్నాను. ఒకసారి అది బయటపడ్డాక మిగతాది ఆగకుండా వచ్చేసింది. దుమ్ముకు భయపడి కట్టానని, గుడ్డ బిగుసుకుపోయి ఊపిరాడక ఇంజను నూనె కక్కిందని, తాడు తప్పు గాని కారు తప్పు గాని లేదని చెప్పాను. పిచ్చయ్య మామ కాలు ఏనాడూ క్లచ్ మీద లేదని, ఆ మాట నేను తెలిసే అన్నానని కూడా చెప్పాను. మేస్త్రి నా పక్కనే నిలబడి, "నేను చూసి గూడా పట్టించుకోలేదమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ పిచ్చయ్య వైపు తిరిగింది. "నీకు తెలుసా ఎవరు కట్టారో?"

"తెలుసమ్మా."

"మరి నిన్న దారిలో చెప్పలేదేం?"

పిచ్చయ్య కారు తుడిచే గుడ్డ పిండుతూ అన్నాడు: "పనోడి తప్పు పనోడే చెప్పుకోవాలమ్మా. నేను చెప్తే చాడీ అయితాది. అల్లుడు చెప్తాడనే అనుకున్నా, ఒక దినం లేటు అయినాది, అంతే."

నేను దగ్గరికి పోయి "తప్పయింది మామా" అన్నాను. "పోనీలే అల్లుడా, ఆ బకెట్ ఇట్లియ్యి" అన్నాడు.

డాక్టరమ్మ గడప దాటి వసారాలోకి వచ్చింది. తర్వాత, "మూడుసార్లు బాగైందన్నారు. ఎందుకు చెడిందో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అందుకే నాకు నమ్మకం పోయింది. ఇప్పుడు చెప్పారు" అంది. పెట్టె మూత మీద చెయ్యి వేసి, "మేకులు పీకేది ఏమైనా ఉందా మీ దగ్గర?" అని అడిగింది.

నేను పరిగెత్తి షెడ్డు నుంచి పట్టుకారు, చిన్న గడ్డపలుగు తెచ్చాను. ఒక్కో మేకు చెక్క చిట్లకుండా పీకాను. మేస్త్రి మూత పట్టుకున్నాడు. లోపల ఆమె వైద్యం పుస్తకాలు, అట్టలు వేసినవి, వరసగా సర్ది ఉన్నాయి. నా చేతుల నిండా నూనె మడ్డి. పుస్తకాలకు అంటుతుందని చేతులు వెనక్కి తీసుకున్నాను.

"మీరే తీసి బీరువాలో పెట్టండి" అంది డాక్టరమ్మ. "మరకైతే అవనివ్వండి."